కుర్చీకి కప్పిన శాలువా

ఆ హాల్లో చలి అంతా ఇంతా కాదు. ఏసీ గాలి సరిగ్గా ఆమె నెత్తి మీదకే కొడుతోంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నానికల్లా వేళ్ళు కొంకర్లు పోయాయి, ముక్కు కారడం మొదలైంది. అలాంటప్పుడు, హాల్లో అందరికంటే సీనియరైన ప్రూఫ్‌రీడరు, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, మడత పెట్టిన ఆకుపచ్చ శాలువా ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

"ఇది నీకమ్మాయ్. మా ఆడవాళ్ళందరి తరఫునా."

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. కొత్తచోట ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఇంత కనిపెట్టి చూసుకుంటారా అనుకుంది. శాలువా విప్పి చెవుల దాకా కప్పుకుని, "బతికించావక్కా" అంది.

హాలంతా గప్‌చుప్. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎదురు బల్ల దగ్గర బొమ్మలు గీసే అమ్మాయి నాలుక్కరుచుకుంది. పెద్దక్క గబగబా వచ్చి, పసిపిల్ల నోట్లోంచి మట్టి తీసినంత మెల్లగా ఆ శాలువా ఆమె భుజాల మీంచి తీసేసింది. దాన్ని కుర్చీ వీపుకు వేసి, ఒక కొస కాస్త జారినట్టు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

"ఇది నువ్వు కప్పుకునేది కాదమ్మా. నీ కుర్చీది."

"ఎందుకు?"

"నిదానంగా తెలుస్తుందిలే."

సాయంత్రమయ్యేసరికి ఆమెకు ఎందుకమ్మ అని పేరు పడిపోయింది. పడాల్సిన పేరే. ఎందుకంటే ఆమె పనే అది. మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా, బట్టలుతికే మిషను కొన్నా పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదా, మనం ఏనాడూ విప్పకుండా సొరుగులో పడేసి, మిషను మొరాయించాక ఇల్లంతా వెతుకుతామే, ఆ పుస్తకాలు రాసిచ్చే కంపెనీ ఇది. ఆమె చేయాల్సిందల్లా, మిషన్ను ముందు పెట్టుకుని, ఇలాంటిది జన్మలో చూడని మనిషిలా ఈ మీట ఎందుకు, ఆ కన్నం ఎందుకు అని అడిగి, జవాబు తేలిక మాటల్లో రాయడం. చిన్నప్పుడు ఎందుకూ అని అడిగినందుకు మొట్టికాయలు తిన్న మనిషికి అదే ప్రశ్నకు జీతమిస్తామంటే ఎలా ఉంటుంది? ఎగిరి గంతేసి చేరింది.

చేరిన రోజు హెచ్ఆర్ మనిషి కంపెనీ గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. మగా ఆడా తేడా లేదు, పనికి సమానంగా జీతం. వేళలు మీ ఇష్టం, పని పూర్తయితే చాలు, ఎప్పుడొచ్చినా ఎప్పుడెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. కింది అంతస్తులో పిల్లలకు డేకేర్ ఉంది, కాకపోతే అది పర్మనెంట్ అయిన వాళ్ళకే. ముఖద్వారం దగ్గర గోడకు 'ఆడవాళ్ళకు అనువైన సంస్థ' అని ఒక ఇత్తడి ఫలకం కూడా ఉంది. దాన్ని రోజూ తుడుస్తారు, తళతళ మెరుస్తూ ఉంటుంది.

"ఈ వేళల సౌకర్యం ఎవరెవరు వాడుకుంటున్నారండీ?" అని ఆమె అడిగింది.

హెచ్ఆర్ మనిషి కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "అందరికీ ఉందండీ" అన్నాడు. అడిగిందానికి జవాబు అది కాదు.

ఆమెకు మాత్రం ఆ సౌకర్యం కావాలి. ఇంట్లో పది నెలల కూతురు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఏ మేడలో ఎవరు ఇరుక్కుంటే అక్కడికి పరిగెత్తాలి. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా సరే, ఫోనొస్తే కంచం వదిలి లేవాల్సిందే. అత్తగారు బస్సు కండక్టరు. రిటైరవడానికి ఇంకా టైముంది. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఆవిడ గొంతూ కాళ్ళూ రెండూ పోయి ఉంటాయి. కాబట్టి పిల్లను ఊరికి ఆ చివరనున్న డేకేర్లో వదలాలి, అది సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, ఆమె నాలుగింటికి బయల్దేరి తీరాలి. మిగిలిన పని పిల్ల పడుకున్నాక ఇంట్లో కూర్చుని పూర్తి చేస్తుంది.

వేళలు మీ ఇష్టం అన్నారు కదా అని, మొదటి రెండు వారాలూ ఆమె నాలుగింటికి లేచి, అందరికీ వస్తానని చెప్పి, ముందు మెట్ల మీంచి దర్జాగా దిగి వెళ్ళింది. ముందు మెట్లు సెక్షన్ హెడ్ గది పక్కనుంచే వెళ్తాయి. ఆయన గదికి మసక అద్దం గోడ. లోపలి మనిషి మొహం కనపడదు గానీ, పెద్ద కుర్చీ మీద నల్లకోటు భుజాలు మాత్రం హాల్లోంచి చూసినా తెలుస్తుంటాయి. ఎండాకాలం వానాకాలం లేకుండా ఆయన కోటుతోనే వస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ కోటు సారు అంటారు.

మూడో వారం కోటు సారు ఆమెను పిలిచాడు. మంచి మనిషే, మాట మెత్తన.

"పని బాగుందమ్మా. ఆ గ్రైండర్ పుస్తకం మా ఇంట్లోవాళ్ళకి చూపిస్తే వెంటనే అర్థమైందన్నారు. కానీ ప్రొబేషన్‌లో ఉన్నారు. కొంచెం కనిపిస్తూ ఉండాలి."

"పని కనిపిస్తోంది కదా సార్?"

"పని కనిపిస్తే చాలదమ్మా, మనిషి కూడా కనిపించాలి. అదిగో, ఆ కిటికీ పక్క కూర్చునే ఆవిడ్ని చూడండి. నేనెప్పుడు తలుపు సందులోంచి చూసినా సీట్లోనే ఉంటుంది. పొద్దున చూసినా అంతే, సాయంత్రం చూసినా అంతే. అలాంటి వాళ్ళని చూసి నేర్చుకోవాలి."

ఆమె బయటికొచ్చి కిటికీ వైపు చూసింది. కుర్చీ మీద బూడిద రంగు శాలువా ఉంది. కంప్యూటరు వెలుగుతోంది. బల్ల మీద సగం తాగిన టీ ఉంది. మనిషి లేదు.

ఆ రోజు లంచ్ టైములో బొమ్మలమ్మాయి ఆమెను పక్కకు లాగి శాలువా శాస్త్రం మొత్తం చెప్పింది. నాలుగింటికి వెళ్ళాల్సిన వాళ్ళు వెళ్తారు, వెళ్ళినట్టు మాత్రం ఉండకూడదు. శాలువా కుర్చీకి ఉండాలి. కంప్యూటరు ఆర్పకూడదు. టీ తెచ్చుకుని సగం తాగి వదలాలి. పూర్తిగా తాగేస్తే పని అయిపోయినట్టు, అసలు తాగకపోతే మర్చిపోయినట్టు. సగమైతే మనిషి ఇప్పుడే లేచింది, ఇప్పుడే వస్తుంది. హ్యాండ్‌బ్యాగు బల్ల మీదే ఉండాలి. అందుకని ప్రతి ఒక్కరికీ రెండు హ్యాండ్‌బ్యాగులు, ఒకటి ఆఫీసుది, ఒకటి ఇంటిది. తాళాలూ పర్సూ టిఫిన్ సంచిలో వేసుకుని, గిన్నె కడుక్కోవడానికి వెళ్తున్నట్టు ప్యాంట్రీ వైపు నడిచి, వెనక మెట్లు దిగిపోవాలి.

"మగవాళ్ళకి శాలువాలు ఉండవా?" అంది ఎందుకమ్మ.

"వాళ్ళకెందుకే? మగాడి కుర్చీ ఖాళీగా ఉంటే మీటింగులో ఉన్నాడంటారు. మన కుర్చీ ఖాళీగా ఉంటే ఇంటికి పోయిందంటారు."

ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు చూసి ముచ్చటేసింది. ఏ పుస్తకంలోనూ లేకుండా, ఎవరూ రాయకుండా, ఇంత చక్కగా నడిచే మిషను ఆమె ఇదివరకు చూడలేదు. ఆ రోజు నుంచి ఆమె కూడా టిఫిన్ సంచితో వెనక మెట్లు దిగడం మొదలుపెట్టింది. అయితే ఆమె బుర్రలో ఒక పురుగు మాత్రం తొలిచేస్తూ ఉంది. అందరి శాలువాలకీ మనుషులున్నారు. బూడిద శాలువా మనిషి ఏది?

అడిగితే ఒక్కరూ సూటిగా చెప్పలేదు. "ఇప్పుడే ఇక్కడే ఉందే" అన్నారు ఒకరు. "కిందికెళ్ళినట్టుంది" అన్నారు ఇంకొకరు. "ఏదో పని మీద..." అని మాట మింగేశారు మరొకరు. బొమ్మలమ్మాయి అయితే కిలకిలా నవ్వి, "నవ్వు నాలుగు విధాల చేటు, నన్నడక్కు" అని తన బొమ్మలో తల దూర్చేసింది. ఎందుకమ్మ ఏదో వంకతో కిటికీ దాకా వెళ్ళి చూసింది. కంప్యూటరు తెర మీద ప్రెషర్ కుక్కర్ మూత బొమ్మ. మర్నాడూ అదే మూత. వారమైనా అదే మూత. కుక్కర్ మూత గీయడానికి అంత కాలం పడితే ఇక అన్నం ఎప్పుడు ఉడుకుతుంది?

ఉండబట్టలేక ఒకరోజు పిల్లను తొందరగా డేకేర్లో దింపి, ఎవరూ రాకముందే వచ్చి హాల్లో కాచుక్కూర్చుంది. ముందుగా పెద్దక్క వచ్చింది. వస్తూనే తన సీటు వైపు వెళ్ళకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, కంప్యూటరు తెర వెలిగించి, నిన్నటి టీ పారబోసి కప్పు కడిగి, ఫ్లాస్కులోంచి కాస్త కొత్త టీ పోసి, బూడిద శాలువాను నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసేలా కొంచెం పక్కకు జరిపింది. అప్పుడు తల తిప్పి ఎందుకమ్మను చూసింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఆవిడ ఎప్పుడొస్తుందక్కా?"

పెద్దక్క ఒక నిట్టూర్పు విడిచి కుర్చీలాక్కుని కూర్చుంది. బూడిద శాలువా మనిషి ఉద్యోగం మానేసి చాలాకాలమైందట. ఆవిడ అసలు వేరే సెక్షను మనిషి, పైన చోటు లేక ఇక్కడ కూర్చునేదట, అందుకే మానేసిన సంగతి కోటు సారుకు తెలియలేదు. మానేసేటప్పుడు పుట్టింటికి దూరమయ్యే ఆడపిల్లలా ఏడ్చి, హడావుడిలో శాలువా మర్చిపోయింది.

"దాన్ని పంపిద్దామనే అనుకున్నామమ్మా. అంతలో ఆ వారం మీటింగులో సారు, 'కిటికీ పక్కావిడ్ని చూడండి, కదలకుండా ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో' అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాక, ఆవిడ లేదు సార్ అని ఎలా చెప్పడం? చెబితే, మరి ఈ శాలువాలన్నీ ఏంటని అడగడా? ఒకటి లాగితే అన్నీ ఊడొస్తాయి. అందుకని అప్పట్నించీ వంతులేసుకుని టీ పోస్తున్నాం."

ఎందుకమ్మకు ముందు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఇంకోటి అడిగింది. "మానేయడం ఎందుకక్కా?"

పెద్దక్క మొహం మారింది. "కవలపిల్లలు. మూణ్ణెల్లు శాలువా మీద నెట్టుకొచ్చింది. ఒకరోజు వెనక మెట్ల మీద కూర్చుని, 'నేను ఏ తప్పూ చేయడం లేదు కదక్కా, మరి రోజూ దొంగలా ఎందుకు దిగుతున్నాను' అంది. మర్నాడు మానేసింది." ఆవిడ శాలువా అంచు సరిచేసింది. "ఈ సంగతి నీ నోట్లోంచి రాకూడదు. ఒట్టు."

ఎందుకమ్మ ఒట్టేసింది.

అలా రోజులు గడిచి ప్రొబేషన్ ఆఖరికొచ్చింది. కోటు సారు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. పనికి వంక లేదన్నాడు. వాడినవాళ్ళు కూడా పుస్తకాలు బాగున్నాయన్నారట. "కానీ మొదట్లో నాలుగింటికే వెళ్ళిపోయారు చూడండి, అది పైవాళ్ళ దృష్టిలో పడింది. ఇంకో ఆర్నెల్లు ప్రొబేషన్ పొడిగిద్దామనుకుంటున్నాను. ఎల్లుండి పొద్దున కాగితం పైకి పంపాలి."

"పర్మనెంట్ అయితే పాపను కింద డేకేర్లో పెట్టుకుంటాను సార్. అప్పుడు నాలుగింటికి వెళ్ళాల్సిన పనే ఉండదు."

"నాకు అర్థమవుతుందమ్మా. కానీ ఆ కిటికీ పక్కావిడ ఉంది చూడండి, ఆవిడకీ ఇల్లూ వాకిలీ ఉంటాయిగా? ఆవిడకి ఈసారి ఫుల్ మార్కులిమ్మని పై సెక్షనుకి చెప్పబోతున్నాను."

గొంతు దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. చెబితే తనొక్కతి సంగతి కాదు, హాల్లో ఉన్న ఆడవాళ్ళందరి సంగతీ. చెప్పకపోతే పాప ఇంకో ఆర్నెల్లు ఊరి చివరే. ఒట్టి కుర్చీకి ఫుల్ మార్కులొచ్చి, పనిచేసిన తనకు రాకపోవడం మింగుడుపడలేదు.

ఆ సాయంత్రం అత్తగారు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని అంతా విన్నది.

"పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది మీ ఆఫీసు" అంది. "పర్మనెంటయితే ముందుగా వెళ్ళక్కర్లేదు, ముందుగా వెళ్తున్నావని పర్మనెంటు చేయరు. మా బస్సులో ఈ బాధ లేదే తల్లీ. బస్సు కదిలిందా, నేను పనిలో ఉన్నట్టు. నా కుర్చీకి ఏం కప్పాలి, అసలు నాకు కుర్చీ ఎక్కడుంది?"

"ఏం చేయమంటారత్తయ్యా?"

"అడుగు."

"అడిగాను కదా."

"గట్టిగా అడుగు. ఇన్నేళ్ళూ కండక్టరు పని చేశాను, అడక్కుండా టికెట్ డబ్బులిచ్చినవాడు ఒక్కడూ లేడు. రేపు పాపను నేను తెచ్చుకుంటాలే, పొద్దున షిఫ్టే. నువ్వు నిలబడి అడుగు. వాళ్ళ సంగతి చెప్పకు, నీ సంగతే అడుగు."

మర్నాడు నాలుగు దాటింది. ఒక్కొక్కరే టిఫిన్ సంచులతో ప్యాంట్రీ వైపు నడిచారు. పెద్దక్క కూడా వెళ్ళిపోయింది. హాల్లో శాలువాలు మిగిలాయి, దూరంగా ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు. ఎవరి చెవినా పడకుండా మాట్లాడదామనే ఆమె అంతసేపు ఆగింది. ఐదు కావస్తుండగా వెళ్ళి కోటు సారు గది తలుపు కొట్టింది. పలకలేదు. మసక అద్దంలో కోటు భుజాలు కనిపిస్తూనే ఉన్నాయి. మళ్ళీ కొట్టింది. ఫోనులో ఉన్నాడేమో అనుకుని మెల్లగా తలుపు తోసింది.

లైటు వెలుగుతోంది. కంప్యూటరు వెలుగుతోంది. కుర్చీ వీపుకు కోటు తొడిగి ఉంది. బల్ల మీద టీ కప్పు, సగం నిండుగా.

ఎవరైనా అయితే, సారు ఎక్కడికో వెళ్ళాడు, వస్తాడు అనుకునేవారు. కానీ ఈ విద్యలో ఆమె కూడా ఆర్నెల్లు చదువుకున్న మనిషి. కప్పు ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది, పైన మీగడ కట్టింది. కోటు భుజం మీద వేలితో గీసింది, సన్నటి దుమ్ము. పొద్దున ఆయన వేసుకొచ్చిన కోటు దుమ్ము పట్టదు కదా? అంటే ఆయనకు రెండు కోట్లు. ఒకటి ఒంటికి, ఒకటి కుర్చీకి. గది మూలన ఇంకో తలుపు ఓరగా తెరిచి ఉంది. తోసి చూస్తే వెనక మెట్లు.

ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎప్పట్నించి? ఎక్కడికి? ఎందుకు? ప్రశ్నలు గుంపుగా వచ్చిపడ్డాయి. ఒక అంతస్తు దిగిందో లేదో, కింది నుంచి ఎవరో రొప్పుతూ ఎక్కి వస్తున్న చప్పుడైంది. మెట్ల మలుపులో ఇద్దరూ ఎదురుపడ్డారు.

కోటు సారు. పొద్దుటి కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. చేతిలో బట్ట సంచి, అందులోంచి ఆకుకూర కట్టలు, ఒక సొరకాయ తల బయటికి చూస్తున్నాయి. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"మీటింగ్‌కి..." అన్నాడు.

ఆమె సొరకాయ వైపు చూసింది. ఆయన కూడా సొరకాయ వైపు చూశాడు.

"బండి తాళం పైన కుర్చీ కోటు జేబులో వేసి మర్చిపోయానమ్మా" అన్నాడు చివరికి, మెట్టు మీద చతికిలబడుతూ. "కూరలు కొన్నాక చూసుకున్నాను."

"రోజూ వెళ్తారా సార్?"

"మా ఆవిడ నర్సు. ఈమధ్య అన్నీ సాయంత్రం డ్యూటీలే. పిల్లలకి నేనే వండాలి. నాలుగేళ్ళయింది." సంచి ఒళ్ళోకి లాక్కుని, "నేను బాగానే వండుతాను" అన్నాడు, అది కూడా చెప్పకపోతే బాగుండదన్నట్టు.

"మరి చెప్పి వెళ్ళొచ్చు కదా? వేళలు మన ఇష్టమే కదా?"

"సెక్షన్ హెడ్‌ని. ఇంటికెళ్ళి వంట చేస్తున్నానని ఎలా చెప్పనమ్మా? నవ్వరూ? పైన డైరెక్టరు గారి గదిలో దీపం ఏ వేళప్పుడు చూసినా వెలుగుతూనే ఉంటుంది. ఆయన అంతసేపు కూర్చుంటుంటే, నేను సంచి పట్టుకుని ముందు మెట్లు దిగితే ఎలా ఉంటుంది?"

"దీపం సరే. ఆయన్ని ఎప్పుడైనా చూశారా సార్, ఆ వేళప్పుడు?"

కోటు సారు మెట్ల మీది కిటికీలోంచి పైకి చూశాడు. డైరెక్టరు గది దీపం నిజంగానే వెలుగుతోంది.

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అంటారే, అలా ఉంది వ్యవహారం. ఈయనకు భయపడి వాళ్ళు నాలుగింటికి దొంగల్లా దిగుతారు. వాళ్ళందరూ సీట్లలో ఉన్నారని తలుపు సందులోంచి చూసుకుని, వాళ్ళ ముందు పరువు పోకూడదని కాసేపాగి ఈయన దొంగలా దిగుతాడు. పైన శాలువాలూ కోట్లూ ఒకదాన్ని చూసి ఒకటి భయపడుతూ ఆఫీసు నడుపుతున్నాయి. ఎందుకమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. కానీ ఆ మెట్ల మీదే కూర్చుని ఒకావిడ అడిగిన మాట గుర్తొచ్చి, ఆ నవ్వు ఆగిపోయింది.

"సార్, ఒక్కటడగనా? మీ కోటుకి ఎన్ని మార్కులు వేశారు?"

"అంటే?"

"మీరు లేనప్పుడు కూర్చునేది అదే కదా. దానికి ఫుల్ మార్కులే వచ్చి ఉంటాయి. నాకెందుకు రాలేదు? నేను వెళ్ళినా నా పని ఆగలేదు. మొదట్లో చెప్పే వెళ్ళాను, మీ కళ్ళముందే ముందు మెట్ల మీంచి. చెప్పి వెళ్ళడమే తప్పయిందా?"

ఆయన సొరకాయను సంచిలోకి నెట్టాడు. అది మళ్ళీ తల పైకెత్తింది. తర్వాత ఆయన మొహంలో ఏదో అనుమానం మెల్లగా లేచింది.

"అమ్మా, ఆ కిటికీ పక్కావిడ..."

ఎందుకమ్మ ఒట్టు మరిచిపోలేదు. "ఆవిడ గురించి నేనేం చెప్పను సార్. మీరే వెళ్ళి ఒకసారి పలకరించండి" అని, దారి వదిలి, మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఆమె ఏమీ తినలేకపోయింది. పొద్దుట్నించీ కోటు సారు గది తలుపు తెరుచుకోలేదు. కాగితం వెళ్ళిపోయిందా, వెళ్ళిపోతే ఎలా వెళ్ళింది? మెట్ల సంగతి బొమ్మలమ్మాయికి కూడా చెప్పలేదు. నాలుగు కావస్తుండగా ఒకరిద్దరు టిఫిన్ సంచులు సర్దుకుంటున్నారు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

కోటు సారు కోటు తొడుక్కునే ఉన్నాడు. రెండో కోటు చేతి మీద వేసుకున్నాడు. ఇంకో చేతిలో బట్ట సంచి. నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. పెద్దక్క మొహం పాలిపోయింది. ఆయన బూడిద శాలువాను చూశాడు, కుక్కర్ మూతను చూశాడు, టీ కప్పు తీసి వాసన చూశాడు. కంప్యూటరు ఆపేశాడు. ఆ కప్పు తానే తీసుకెళ్ళి ప్యాంట్రీలో కడిగి బోర్లించి వచ్చాడు.

తర్వాత హాలు మధ్య నిలబడ్డాడు.

"నేను ఇంటికి వెళ్తున్నాను" అన్నాడు. అందరికీ వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. "ఇంటికి. వంట చేయాలి." ఎందుకమ్మ వైపు తిరిగి, "మీ కాగితం పొద్దున్నే పంపానమ్మా. పైవాళ్ళూ సరేనన్నారు. సోమవారం నుంచి పాపను కింద దింపండి" అని, ముందు మెట్ల వైపు నడిచాడు. ఇత్తడి ఫలకం పక్కనుంచి సంచి ఊపుకుంటూ బయటికి వెళ్ళడం కిటికీలోంచి అందరూ చూశారు.

ఎందుకమ్మ కళ్ళు తుడుచుకుంది. పాప ఇక కింది అంతస్తులోనే ఉంటుంది. ఏడిస్తే వినపడుతుందో లేదో గానీ, వెళ్ళి చూడొచ్చు.

చాలాసేపు ఎవరూ లేవలేదు. అలవాటు అంత తొందరగా వదులుతుందా? ఒకావిడ అప్రయత్నంగా టిఫిన్ సంచి పట్టుకుని ప్యాంట్రీ వైపు రెండడుగులు వేసి, నాలుక్కరుచుకుని ఆగిపోయింది. బొమ్మలమ్మాయి మాత్రం, "ఇదంతా రెండ్రోజుల ముచ్చటేనేమో, చూద్దాం" అని తన శాలువా అలాగే ఉంచి వెనక మెట్లే దిగింది. పిల్లికి గంట కట్టారని ఎలుకలు అంత తేలిగ్గా నమ్మవు.

పెద్దక్క తన కుర్చీ దగ్గర నిలబడి ఉంది. ఆ కుర్చీకున్నది ఎర్రంచు గోధుమరంగు శాలువా, ఎన్నేళ్ళ నాటిదో, వీపు మడతల దగ్గర రంగు వెలిసింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎటు తిప్పి వేసుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. ఎందుకమ్మ వచ్చి విప్పి భుజాల చుట్టూ కప్పింది.

ఏసీ గాలి ఎప్పట్లాగే వీస్తోంది. పెద్దక్క అంచులు దగ్గరికి లాక్కుని కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఎంత వెచ్చగా ఉందే" అంది. "ఇన్నేళ్ళూ చలికి నేను వణుకుతూ, దీన్ని కుర్చీకి కప్పాను."